పిల్లియున్న ఇంటిలో కుండీ మొక్కలు

పిల్లి మాంసాహారి. అయినను పచ్చని ఆకు కంటబడినచో కొరుకక మానదు. పెరటిలో గరిక నమిలి, పిమ్మట కక్కుకొనుట మనమందరము చూచినదే. పెరడు లేని అంతస్తుల ఇండ్లలో ఆ గరిక స్థానమును కుండీలోని మొక్క ఆక్రమించినది. కావున ఏ మొక్కను లోనికి తెచ్చుచున్నామో ముందుగా ఆలోచింపవలసియున్నది.

మనుష్యునకు హాని చేయనిది పిల్లికిని చేయదనుకొనరాదు. కొన్ని విషములను మార్చి వెలికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు తక్కువ. పైగా అది నాలుకతోనే స్నానమాడు జంతువు. బొచ్చుపై రాలిన పుప్పొడియు కడుపులోనికే పోవును.

అన్నిటిలో భయంకరమైనది లిల్లీ. ఇచట పేరుతో ఒక చిక్కు కలదు. మన పూలదుకాణములలో లిల్లీలని మాలలు కట్టి అమ్మునవి నేలసంపెంగలు. వాని జాతి వేరు. మేము చెప్పునది పుష్పగుచ్ఛములలో కనబడు పెద్ద బూరపూవుల ఏషియాటిక్, ఓరియంటల్, ఈస్టరు లిల్లీలను గూర్చి. డే లిల్లీయు అట్టిదే. ఆకు, రేకు, పుప్పొడి, తుదకు పూలజాడీలోని నీరు, వీనిలో ఏదియైనను పిల్లి మూత్రపిండములను చెరుపగలదు. మొదట వాంతులు, మందకొడితనము కలుగును. పిదప ఒకింత తేరుకొన్నట్లు తోచును. ఆ తేరికయే మోసము. ఒకటి మొదలు మూడు దినములలో మూత్రపిండములు పనిచేయుట మానును. ఆ విషపదార్థమేదో శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. విరుగుడు మందును లేదు. అనుమానము కలిగినంతనే, లక్షణములకై వేచియుండక, పశువైద్యుని కడకు కొనిపోవలెను. 18 గంటలలోపల సెలైను ఎక్కించుట మొదలిడినచో బ్రతుకుటకు ఆశ మెండు. ఇంటిలో ఉప్పునీరు త్రాగించి కక్కించుట మరియొక ప్రమాదము.

ప్రతి కిటికీలోను సీసాలో వ్రేలాడు మనీప్లాంటు సంగతి వేరు. దానిలోను, డిఫెన్‌బేకియాలోను సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములుండును. కందను తరుగునపుడు చేతులకు దురద పుట్టించునవియు ఇవియే. ఇవన్నియు ఒకే కుటుంబపు మొక్కలు. పిల్లి నోరు మండి చొంగ కార్చును గాని, చాలవరకు ప్రాణభయముండదు. కలబందవలన వాంతులు, విరేచనములు కలుగును. ఈతచెట్టును పోలిన సైకస్ కాలేయమును, గన్నేరు గుండెను దెబ్బతీయును. ఈ రెండింటిని పిల్లి తిరుగు చోట ఉంచనేరాదని మా అభిప్రాయము.

మరి పెంచదగినవేవి? స్పైడరు ప్లాంటు నిరపాయమైనది. రిబ్బనులవంటి దాని ఆకులతో పిల్లి ఆడుకొనును, ఆకులకే ఆయుస్సు తక్కువ! కావున ఎత్తుగా వ్రేలాడదీయుట మేలు. హాలులో నిలుపుటకు అరీకా పామ్ తగినది. ఇది వక్కలనిచ్చు పోకచెట్టు కాదు, మడగాస్కరునుండి వచ్చినది. బోస్టన్ ఫెర్న్, కలాథియా, ఆఫ్రికన్ వయొలెట్ నీడలోను పెరుగును. ఫెర్న్ అను పేరు చూచి ఆస్పరాగస్ ఫెర్న్‌ను తేవలదు. అది ఫెర్న్ కాదు, పిల్లికి పడదు. నర్సరీలో శాస్త్రీయనామము అడిగి తెచ్చుకొనుట ఉత్తమము.

నిరపాయమైన మొక్కకైనను పురుగులమందు చల్లినచో అది విషమే. పిల్లికి ప్రత్యేకముగ ఒక మూకుడులో నానిన గోధుమలు చల్లి నీరు చిలుకరించినచో వారము పది దినములలో లేతనారు వచ్చును. దానిని చేరువలో నుంచినచో తక్కిన కుండీలజోలికి పోవుట కొంత తగ్గును.