అహైతుకభక్తి - భాగవతసాక్ష్యము

నారాయణపేట ప్రాంతము చాలవఱకు వాన నమ్ముకొన్న మెట్టసీమ. చెంతనే కృష్ణ పాఱుచున్నను పెక్కుచోట్ల పైరు మబ్బుకే యెదురుచూచును. వానలు తప్పిన యేఁడులఁ బాలమూరు కూలీలు దూరదేశములకేఁగి మట్టిపనిచేసి బ్రదుకుట లోకవిదితము. ఇట్టి నేలపై భక్తినిగూర్చిన విచారము కేవలము గ్రంథస్థము కాదు. వాన కురిసెను గనుక దేవుఁడు దయాళువని నమ్మినవాఁడు కురియని యేఁట నేమని నమ్మవలెను? పొందిన మేలునుబట్టి కలిగిన నమ్మిక యొకటి, భగవంతుని స్వరూపమునుబట్టి కలిగిన నమ్మిక యొకటి. ఈ రెంటి భేదమును దెలుఁగు భాగవత మెట్లు నిరూపించుచున్నదో యిచట వివరింపఁబడును.

గీత సప్తమాధ్యాయమున ఆర్తుఁడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని యని భక్తులు నాలుగు తెఱఁగులవారుగాఁ జెప్పఁబడిరి. నలువురును ఉదారులే, అందు జ్ఞాని విశిష్టుఁడు. కావున ఆపదలో మొఱపెట్టుట తప్పని శాస్త్రము చెప్పలేదు. మొఱ యాలకింపఁబడనినాఁడు నమ్మిక నిలుచునా యనునదియే ప్రశ్న.

బమ్మెర పోతన రచించిన సప్తమస్కంధమునందు దీనికి స్పష్టమైన సమాధానము గలదు. హిరణ్యకశిపుని వధించిన పిదప నృసింహుఁడు వరము వేఁడుమనఁగాఁ బ్రహ్లాదుఁడు సమ్మతింపఁడు. సేవకుఁ బ్రతిఫలము గోరువాఁడు భృత్యుఁడు కాఁడనియు, వర్తకుఁడనియు నతని యభిప్రాయము. ఈయవలసినచో హృదయమునఁ గోరికయే మొలకెత్తకుండునట్లు వరమిమ్మనును. అటుపై నతఁడు తండ్రి పాపము తొలఁగింపుమని వేఁడెను గదా, అది కోరిక కాదా యని శంక పొడమవచ్చును. ఆ ప్రార్థన తనకొఱకుఁ గాదు. తన్ను బాధించిన వానికొఱకు. అందు బేరమునకుఁ జోటులేదు. మఱియు నతని భక్తి యీ రక్షణమువలనఁ బుట్టినదియుఁ గాదు; విషాగ్నిగజాది బాధలకు ముందే యున్నది.

కుచేలోపాఖ్యానమున నీ విషయ మింకను సూక్ష్మముగా నున్నది. ఇల్లాలి ప్రేరణమున ద్వారకకేఁగిన యా విప్రుఁడు తెచ్చిన యటుకుల నిచ్చుటకు సైతము సిగ్గుపడెనే కాని నోరు విడిచి యేమియు నడుగలేదు. మరలివచ్చునపుడు చేత నేమియు లేదు. దారిలో నతఁడు తలపోసిన దేమి? పేదవాఁడు కలిమి గాంచినచో మదమున నన్ను మఱచునని యెంచి, దయచేతనే ధనమీయఁడయ్యెనని. ఈ తలఁపు పుట్టినప్పటికిఁ దన గుడిసె సౌధమైన సంగతి యతఁ డెఱుఁగఁడు. ఈ క్రమమే కథకుఁ బ్రాణము. సంపద చూచిన పిదపఁ గృష్ణుని దయాళువని కొనియాడియుండినచో నది కృతజ్ఞత యగును. వట్టిచేతులతో నడచుచు దయాళువని తలఁచుట విశ్వాసము. పాఠముచెప్పు పండితుఁ డీ పౌర్వాపర్యమును విడిచి, మిత్రుని దర్శించి ధనికుఁడయ్యెనని ముగించినచోఁ గుచేలుఁడు ప్రహ్లాదుఁడు నిందించిన వర్తకుఁడుగా మాఱును.

అష్టమస్కంధమున బలి సర్వమును గోల్పోయి వరుణపాశబద్ధుఁడై యుండఁగాఁ బితామహుఁడైన ప్రహ్లాదుఁ డేతెంచి, యింద్రపద మిచ్చుటయు మరలఁ గొనుటయు రెండును అనుగ్రహమే యని నుతించెను. ఆ స్కంధముననే గజేంద్రుఁ డార్తుఁడే యైనను, తనకు మున్ను కలిగిన మేళ్లను లెక్కింపలేదు. జగత్తునకెల్ల మూలమైనవానిని శరణుచొచ్చెను. నడుమ సంశయము పొడమినను మొఱ మానలేదు.

ఇచట నైయాయికుఁ డొక యాక్షేపము చేయవచ్చును. ఉపకారమునుబట్టియే దయ తెలియును; ఉపకారము లేనిచో దయ గలదనుటకుఁ బ్రమాణమేమి? తర్కశాస్త్రములోని ప్రసిద్ధోదాహరణమే దీనికి సమాధానము. పొగనుబట్టి నిప్పు నూహింతుము. కాని పొగ లేనంతమాత్రమున నిప్పు లేదనరాదు. కాఁగిన యినుపగుండునందుఁ బొగ లేకయే యగ్ని గలదు. ఉపకారము దయకు లిం‍గమే కాని స్వరూపము కాదు. వేదాంతియు మోక్షమును గోరుట ఫలాపేక్ష కాదా యని యడుగవచ్చును. తృతీయస్కంధమునఁ గపిలుఁడు దేవహూతితో, నిర్గుణభక్తులు సాలోక్యాదిముక్తుల నిచ్చినను గైకొనక సేవనే కోరుదురని చెప్పియున్నాఁడు.

ఈ సీమకుఁ జేరువ నిదర్శనమొకటి గలదు. 2019 ఫిబ్రవరి 17న జిల్లాకేంద్రమైన నారాయణపేట తెలుఁగు, కన్నడ, మరాఠీ భాషలు గలసిన తావు. గద్వాలసీమలోని ఉత్తనూరున 18వ శతాబ్దిని గోపాలదాసు అను హరిదాసు నివసించెను. మానవిలోని శ్రీనివాసాచార్యుఁడను పండితుఁడు, గోపాలదాసునకు గురువైన విజయదాసుని అవమానించి, రోగపీడితుఁడై కడకు నీతని నాశ్రయింపఁగా, గోపాలదాసు తన యాయువున 40 ఏండ్లు ధారపోసెనని హరిదాససంప్రదాయము. ఆ పండితుఁడే జగన్నాథదాసై కన్నడమున హరికథామృతసారము రచించెను. ఆయువు నడుగుటకుఁ గాక యిచ్చుటకు భక్తి హేతువైనదని యీ కథ తెలుపును.

ఈ ప్రశ్న యొక మతమునకుఁ జెందినది కాదు. యూదుల యోబు గ్రంథమంతయు, ఫలాపేక్ష లేకయే యోబు భక్తుఁడగునా యను నాక్షేపముపై నిలిచినది. ఎనిమిదవ శతాబ్దిలో బస్రానగరమున నున్న రాబియా, స్వర్గాశయు నరకభయమును రెండును తొలఁగిన భక్తినే కోరెనని సూఫీలు చెప్పుదురు.

కావున అహైతుకభక్తి యనఁగా మేలును ద్రోసిపుచ్చుట కాదు. వాన కురిసిననాఁడు కృతజ్ఞుఁడగుట తగును. కురియనినాఁడు చెఱువు త్రవ్వుటయుఁ దగును. ఈ రెండు దినములందును ఈశ్వరుఁ డొక్కఁడే యనుటయే యాభక్తి. వట్టిచేతులతో ద్వారక నుండి మరలిన కుచేలుని బాటలో నది కానవచ్చును.