“నా మనమడు ఫిత్నానా హజ్రత్?”

జమ్మలమడుగులో ఒక ఇంట్లో వారానికోసారి అసర్ నమాజు తరువాత స్త్రీల కోసం దర్స్ జరుగుతుంది. పరదాకు అవతల పదిహేను ఇరవై మంది కూర్చుంటారు, ఇవతల నేను. ఆ రోజు దివ్య ఖురాన్‌లోని తగాబున్ సూరా పదిహేనవ ఆయత్ వచ్చింది. మన సిరిసంపదలను, మన సంతానాన్ని అల్లాహ్ అక్కడ “ఫిత్నా” అన్నాడు. అన్‌ఫాల్ సూరా 28వ ఆయత్‌లోనూ ఇదే మాట ఉంది. నేను అలవాటు ప్రకారం ఉర్దూలోనే చెప్పుకుంటూ పోతున్నాను. పరదా వెనుక నుంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది.

“నా మనమడు ఫిత్నానా హజ్రత్? వాడు కువైట్‌లో డ్రైవర్ పని చేసి నెలనెలా నా మందులకు డబ్బు పంపుతాడు. వాణ్ని అల్లాహ్ అంత మాట అంటాడా?”

నా నోట మాట రాలేదు. అన్నేళ్లుగా ఆ ఆయత్‌ను అదే ఉర్దూ మాటతో చెబుతూ వచ్చాను. ఒక్కరూ అడగలేదు. అడగలేదంటే అర్థమైందనే అనుకున్నాను. నిజానికి మన ఇళ్లలో ఫిత్నా అంటే ఏమిటి? తగవు, చిచ్చు. నలుగురి మధ్య నిప్పు పెట్టేవాణ్ని “ఫిత్నాఖోర్” అంటాం. ఆ పెద్దావిడ విన్నది ఆ మాటే. తప్పు ఆమెది కాదు.

అరబీలో ఈ మాట పుట్టుక వేరు. బంగారాన్ని నిప్పులో వేసి, మంచిదేదో కల్తీ ఏదో తేల్చడం దాని మూలార్థం. ఖురాన్ పదాల మీద ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ (రహ్మ) రాసిన “ముఫ్రదాత్”లో ఈ సంగతి ఉంది. మదరసాలో నేను చదివాను కూడా. చదివినది నోటికి రాకుండా ఉర్దూ అలవాటు అడ్డుపడింది.

నేను ఉండేది ప్రొద్దుటూరులో. బంగారు వ్యాపారానికి పేరుపడిన ఊరు. మరునాడు తెలిసిన కంసాలి దగ్గర కూర్చుని, పాత నగ కరిగించడం చూశాను. మూసలో ముక్కలు వేశాడు, కాస్త వెలిగారం చల్లాడు, కుంపటిలో పెట్టి ఊదాడు. మలినం పైకి తేలింది. “దీన్ని ఏమంటారు?” అని అడిగితే, “పుటం పెట్టడం అంటాం సాయిబూ, మీకు తెలియనిదా” అన్నాడు. తెలుసు. కానీ ఆయత్ పక్కన ఆ మాట పెట్టి చూడాలని ఎన్నడూ తోచలేదు. మనం రోజూ వాడే ఉర్దూ ఫిత్నా కంటే, అరబీ లిపి ఎన్నడూ చూడని కంసాలి నోటి మాట ఆ ఆయత్‌కు దగ్గరగా ఉంది.

అయితే ఫిత్నా వచ్చిన ప్రతిచోటా “పుటం” అని రాసుకుంటే సరిపోతుందా? సరిపోదు. అది నాకు పులివెందులలో తెలిసివచ్చింది.

బంధువుల ఇంట్లో వలీమాకు వెళ్లాను. భోజనాల దగ్గర మసీదు లెక్కల గురించి ఇద్దరు అన్నదమ్ముల మధ్య మాటా మాటా పెరిగింది. తమ్ముడి కొడుకు సెల్‌ఫోన్ తీసి, బఖరా సూరా 191వ ఆయత్ తెలుగు అనువాదం పెద్దగా చదివాడు. ఫిత్నా హత్య కంటే ఘోరమైనదని అందులో ఉంది కదా. అతని ఫోన్‌లోని అనువాదంలో ఆ చోట కలహమనే అర్థం వచ్చే మాట ఉంది. “లెక్కలడిగి కలహం పెట్టేవాళ్లు హంతకుల కంటే చెడ్డవాళ్లు. ఇది నా మాట కాదు, ఖురాన్ మాట” అన్నాడు పెదనాయన ముఖం మీదే. ఆ పెద్దమనిషి విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ తరువాత చాలా వారాలు ఆయన ఆ మసీదులో జుమాకు కూడా రాలేదు.

ఆ కుర్రవాణ్ని పక్కకు పిలిచి కూర్చోబెట్టాను. ఆ ఆయత్‌కు ముందు వెనుక ఆయత్‌లు చదివించాను. అవి ముస్లిములపై కత్తి ఎత్తినవారి గురించి, వారిని ఇళ్ల నుంచి వెళ్లగొట్టినవారి గురించి వచ్చినవి. అక్కడ ఫిత్నా అంటే మనుషులను దీన్ నుంచి మరల్చడానికి పెట్టే హింస అని, షిర్క్ అని ముఫస్సిర్లు రాశారు. మసీదు లెక్కలు అడిగిన పెదనాయనకూ ఆ ఆయత్‌కూ ఏమి సంబంధం? “అనువాదంలో ఇట్లే ఉంది కదా హజ్రత్” అన్నాడు. ఉంది. అనువదించినవారు ఒక మాట ఎంచుకోక తప్పదు. ఎంచుకున్నాక మిగిలిన అర్థాలు పాఠకుడి కంటికి కనపడవు.

ఇలాంటివి జరిగినప్పుడల్లా మన పెద్దలు, “అందుకే తెలుగులో వద్దు, ఉర్దూలో చదవండి” అంటారు. నేను ఉర్దూలోనే చదువుకున్నవాణ్ని, ఆ భాష అంటే నాకు ప్రాణం. అయినా ఈ మాట ఒప్పుకోలేను. జమ్మలమడుగు పెద్దావిడను గాయపరిచింది ఉర్దూయే. ఆలి ఇమ్రాన్ సూరా 54వ ఆయత్‌లో అల్లాహ్ విషయంలో “మక్ర్” అనే మాట వచ్చింది. అరబీలో దానికి గుట్టుగా వేసే ఎత్తు అని అర్థం, అది మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. ఉర్దూలో మక్ర్ అంటే మోసమే, మక్కార్ అంటే మోసగాడే. ఉర్దూ మాత్రమే తెలిసినవాడు అక్కడ ఉలిక్కిపడతాడు. తెలుగువాడికి ఆ మాట కొత్తది గనుక అర్థమేమిటని అడుగుతాడు. తెలిసినట్టుండే మాటే ఎక్కువ మోసం చేస్తుంది. అన్నట్టు, మనం రోజూ అనే నమాజు, రోజా అనే మాటలు ఖురాన్‌లో లేవు. అవి ఫార్సీ మాటలు. సలాత్‌ను, సౌమ్‌ను మన తాతలు ఏనాడో అనువదించుకున్నారు.

ఉర్దూ అనువాదాలు మాత్రం ఆకాశం నుంచి దిగాయా? పద్దెనిమిదో శతాబ్దంలో ఢిల్లీలో షాహ్ వలీయుల్లాహ్ (రహ్మ) ఫార్సీలోకి తెచ్చారు. ఆయన కుమారులిద్దరు ఉర్దూలోకి తెచ్చారు. షాహ్ రఫీయుద్దీన్ ఒక్కొక్క అరబీ మాట కింద ఒక్కొక్క ఉర్దూ మాట పేర్చారు. 1790లో పూర్తిచేసిన తమ అనువాదంలో షాహ్ అబ్దుల్ ఖాదిర్ జనం మాట్లాడే తీరులో రాశారు. ఒకే ఇల్లు, ఒకే చదువు, రెండు దారులు. తెలుగులో ఈ పనికి తొలిసారి పూనుకున్నది మన రాయలసీమలోనే, అనంతపురం కాలేజీలో తెలుగు అధ్యాపకులుగా పనిచేసిన చిలుకూరి నారాయణరావు గారు. ఆ అనువాదం 1925లో వెలువడింది. ముస్లిమేతరుడైన ఆ పండితుడు ముందడుగు వేసేదాకా మనం ఏమి చేస్తున్నామన్నది నన్ను ఇప్పటికీ కలవరపెట్టే ప్రశ్న. హైదరాబాదులో చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న పిక్‌థాల్‌కు నిజాం ప్రభుత్వం సెలవిచ్చి మరీ ఇంగ్లీషు అనువాదం పూర్తిచేయించింది. 1930లో అచ్చయిన ఆ గ్రంథానికి ఆయన పేరు పెట్టేటప్పుడు “ఖురాన్” అని మాత్రమే అనలేదు, “ఖురాన్ భావం” అన్నారు. అనువాదం ఖురాన్ కాజాలదని ముందుమాటలోనే ఒప్పుకున్నారు. కంసాలి కూడా పని మొదలుపెట్టకముందే తరుగు ఎంతో చెబుతాడు.

మన మూడు ఊళ్లలో పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగో ఇంగ్లీషో చదువుతారు. ఉర్దూ లిపి చదవగలిగేవారు నా తరగతిలో వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల సంగతి చెప్పనే అక్కరలేదు. వీరికి తెలుగు వద్దంటే మిగిలేది అర్థం తెలియని తిలావత్ మాత్రమే. తిలావత్‌కు పుణ్యం ఉంది, కాదనను. కానీ పులివెందుల కుర్రవాడికి కావలసింది కూడా దొరకాలి కదా.

అందుకని ఇప్పుడు నేను ఒక పని చేస్తున్నాను. పిల్లలను అరబీ మూలం ఉన్న తెలుగు అనువాదమే తెమ్మంటాను. మూలం లేకుండా అనువాదం ఒక్కటే అచ్చువేయడాన్ని మన ఉలమాలు చాలామంది ఒప్పుకోలేదు, దాని విలువ నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఫిత్నా, తఖ్వా, జుల్మ్ వంటి మాట వచ్చినప్పుడు అరబీలో దాన్ని వెతికి, ఆ చోట తెలుగులో ఏమి రాశారో నోటు పుస్తకంలో ఎక్కించాలి. ఒక్క ఫిత్నాకే ఒక అమ్మాయి పుస్తకంలో నాలుగు తెలుగు మాటలు చేరాయి. ఎందుకు నాలుగు అని ఆ అమ్మాయి అడిగిన రోజు తరగతి ఇషా దాకా సాగింది.

జమ్మలమడుగులో మరుసటి వారం ఆ పెద్దావిడకు కుంపటి, మూస, పుటం సంగతి తెలుగులోనే చెప్పాను. కాసేపు పరదా వెనుక సద్దు లేదు. తరువాత, “అయితే మూసలో ఉన్నది వాడు కాదు, నేను” అన్నది. అవునన్నాను.

“సరే హజ్రత్, వచ్చే వారం సబర్ గురించి చెప్పండి. దాని మీద కూడా నాకు అనుమానం ఉంది.”