వెబ్ స్క్రిప్టుల్లో తెలుగు అక్షరం: దోషనిర్ధారణ, పరస్పర సహకారం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వెబ్ పుటల్లో తెలుగు పాఠాన్ని నిర్వహించే స్క్రిప్టుల్లో కొన్ని దోషాలు పదేపదే కనిపిస్తాయి. పేర్లు మధ్యలో తెగిపోవడం, సరైన పేరును ఫారం తిరస్కరించడం, కంటికి ఒకేలా కనిపించే రెండు మాటలను యంత్రం వేరువేరుగా భావించడం వీటిలో ముఖ్యమైనవి. ప్రోగ్రామర్లు ఇటువంటి దోషాలను ఒకరి సహాయంతో ఒకరు పరిష్కరించుకుంటారు. ఆ సహాయం ఫలించడానికి ప్రశ్నను ఏ భాషలో, ఏ క్రమంలో అడగాలి, దోషకారణాన్ని ఏ తర్కంతో నిర్ధారించాలి అనే విషయాలను ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలక పదాలు: తెలుగు లిపి, యూనికోడ్, జావాస్క్రిప్ట్, అక్షరం, దోషనిర్ధారణ, అన్వయవ్యతిరేకాలు.

1. ఉపోద్ఘాతం

బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ సంస్థ కోసం జావాస్క్రిప్ట్ భాషను రూపొందించాడు. ఈ భాషకు తొలి ప్రమాణపాఠం 1997లో వెలువడింది. నేడు వెబ్ పుటల్లో వినియోగదారుడు నింపే ఫారాలను సరిచూడటం, పాఠాన్ని వెతకడం, కుదించడం, పోల్చడం వంటి పనులు ఎక్కువగా ఈ భాషలోనే జరుగుతున్నాయి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నాటి తొలి కూర్పులోనే చోటు దక్కింది. కాబట్టి తెలుగును వెబ్ పుటలో చూపడం ఇప్పుడు సమస్య కాదు. చూపిన తెలుగును స్క్రిప్టు సరిగా అర్థం చేసుకుంటుందా అన్నదే సమస్య.

స్క్రిప్టు రాసేవారిలో తెలుగు తెలిసినవారూ ఉంటారు, తెలియనివారూ ఉంటారు. తెలుగు తెలిసిన ప్రోగ్రామరుకు యూనికోడ్ నియమాలు తెలియకపోవచ్చు. యూనికోడ్ తెలిసిన నిపుణుడికి ఒత్తుకూ గుణింతానికీ ఉన్న భేదం తెలియకపోవచ్చు. పరస్పర సహాయం అవసరమయ్యేది ఇక్కడే. ఒకరి వద్ద లక్షణాలుంటే మరొకరి వద్ద కారణం ఉంటుంది. ఈ రెంటినీ కలిపేది వారి మధ్య నడిచే భాష.

2. అక్షరానికి మూడు లెక్కలు

తెలుగు వ్యాకరణ, ఛందస్సంప్రదాయాల్లో అక్షరం ఉచ్చారణకు సంబంధించిన ప్రమాణం. 'స్త్రీ' అనేది ఒకే అక్షరం. యూనికోడ్ లెక్క వేరు. తెలుగుకు కేటాయించిన 3072 నుండి 3199 వరకు ఉన్న 128 స్థానాల్లో హల్లులకు, అచ్చులకు, గుణింతచిహ్నాలకు, పొల్లుకు విడివిడి సంఖ్యలున్నాయి. ఒత్తులకు ప్రత్యేక సంఖ్యలు లేవు. హల్లు తరువాత పొల్లు, దాని తరువాత మరొక హల్లు వస్తే అది ఒత్తుగా మారుతుంది. ఆ ప్రకారం 'స్త్రీ'లో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార చిహ్నం అనే ఆరు సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి కాబట్టి నిల్వలో ఇది 18 బైట్లవుతుంది.

ఒకే రూపానికి 1, 6, 18 అనే మూడు లెక్కలూ సరైనవే. జావాస్క్రిప్ట్‌లో పొడవును తెలిపే 'లెంగ్త్' అనే గుణం 6 అని చెబుతుంది. ప్రోగ్రామరు తన మనసులో 1 అనుకొని, స్క్రిప్టులో 6ను లెక్కించి, నిల్వలో 18కి చోటు కేటాయించకపోతే దోషం పుడుతుంది. తెలుగులో వచ్చే స్క్రిప్టు దోషాలు చాలావరకు ఈ మూడు లెక్కల గందరగోళం నుండి పుట్టినవే.

3. దోషరూపాలు

3.1 ఛేదం: 'లక్ష్మీనరసింహం' అనే పేరును తీసుకుంటే ఇందులో ఆరు అక్షరాలు, పద్నాలుగు సంకేతాలు, 42 బైట్లు ఉన్నాయి. ఫారంలో గరిష్ఠ పరిమితి 12 అని ఉంటే వెబ్ బ్రౌజరు సంకేతాలనే లెక్కిస్తుంది. ఫలితంగా 'లక్ష్మీనరసిం' దగ్గర పేరు ఆగిపోతుంది. పుటలో చోటు చాలదని మొదటి ఐదింటిని మాత్రమే చూపమంటే 'లక్ష్' అని పొల్లుతో తెగుతుంది. నిల్వలో 20 బైట్లకే చోటుంటే మొదటి ఆరు సంకేతాలు 18 బైట్లలో పడతాయి. ఏడవదైన ఈకార చిహ్నానికి మూడింట రెండు బైట్లే మిగులుతాయి. అప్పుడు 'లక్ష్మ' తరువాత ప్రశ్నార్థకం ఉన్న నల్లని వజ్రాకారం కనిపిస్తుంది. మూడు సందర్భాల్లోనూ వినియోగదారుడి ఫిర్యాదు "పేరు సగమే వస్తోంది" అన్నదే. కారణాలు మాత్రం మూడు.

3.2 విపర్యయం: 'తెలుగు' అనే మాటను స్క్రిప్టు ద్వారా తిరగవేస్తే 'గులుతె' రావాలి. సంకేతాలను ఒక్కొక్కటిగా విడదీసి తిరగవేస్తే చివరి ఉకారం ఏ హల్లూ లేకుండా ముందుకు వస్తుంది. మిగిలిన చిహ్నాలు పక్క హల్లులకు అతుక్కుని 'గులెత' అన్న రూపం ఏర్పడుతుంది. తకారానికి చెందిన ఎత్వం లకారానికి పోయింది. పదక్రీడలు, ఛందోగణన సాధనాలు తయారుచేసేవారికి ఈ దోషం సుపరిచితం. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువు కావాలంటే యంత్రానికి ముందుగా అక్షరసరిహద్దు తెలియాలి.

3.3 అదృశ్యభేదం: 'వెబ్‌సైట్' అనే మాటలో బకారం కింద సకారం ఒత్తుగా మారకుండా ఉండటానికి మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. దాని సంఖ్య 8204. దానిని చేర్చి టైపు చేసినవారి పాఠంలో, చేర్చకుండా వెతికేవారికి ఆ మాట దొరకదు. ఐత్వంలోనూ ఇటువంటి చిక్కుంది. ఐత్వచిహ్నాన్ని 3144 అనే ఒకే సంకేతంగానూ, 3142, 3158 అనే రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. చూపుకు రెండూ ఒకటే. స్క్రిప్టు పోల్చినప్పుడు మాత్రం రెండూ వేరు. 2015 ప్రమాణంలో చేరిన 'నార్మలైజ్' అనే ప్రక్రియ ఐత్వం విషయంలోని ఈ భేదాన్ని తొలగిస్తుంది. అదృశ్యసంకేతాన్ని అది తొలగించదు. దానిని వెతుకులాట సమయంలో ప్రత్యేకంగా పరిహరించాలి.

4. ప్రశ్న అడిగే భాష

సహాయం కోరేవారు తరచుగా వాడే వాక్యం "పనిచేయడం లేదు" అన్నది. వ్యాకరణరీత్యా ఇది పూర్ణవాక్యమే. సమాచారరీత్యా అసంపూర్ణం. ఏది పనిచేయడం లేదు, ఏం చేస్తే పనిచేయలేదు, ఏం జరుగుతుందని ఆశించారు, దానికి బదులు ఏం జరిగింది అన్న నాలుగూ ఇందులో లేవు. ఊరిపేరు చెప్పకుండా దారి అడిగినట్లు ఉంటుంది. ఎదుటివారు ఎంత నిపుణులైనా తిరిగి నాలుగు ప్రశ్నలు వేయక తప్పదు.

దీనినే ఇలా అడగవచ్చు: "పేరు గడిలో 'లక్ష్మీనరసింహం' అని టైపు చేస్తే 'లక్ష్మీనరసిం' వరకే తీసుకుంటోంది. పూర్తిపేరు రావాలి. గడి పరిమితి 12గా ఉంది. కింద ఇచ్చిన ఏడు పంక్తులతోనే దోషం మళ్లీ వస్తోంది." ఈ ప్రశ్నలో చేసిన పని, వచ్చిన ఫలితం, ఆశించిన ఫలితం, పరిస్థితి, లఘురూపం అన్నీ ఉన్నాయి. చివరిదైన లఘురూపం అత్యంత విలువైనది. వేయి పంక్తుల స్క్రిప్టు నుండి దోషానికి సంబంధం లేనివాటిని తొలగిస్తూ పోతే మిగిలే చిన్న భాగమే లఘురూపం. దానిని తయారుచేసే క్రమంలోనే అడిగేవారికి సమాధానం స్ఫురించడం కద్దు.

తెలుగు పాఠానికి సంబంధించి అదనంగా పాటించవలసిన నియమాలు మూడున్నాయి. మొదటిది, తెరచిత్రంతో సరిపెట్టుకోకుండా పాఠాన్ని పాఠంగానే ఇవ్వడం. చిత్రంలో 8204 సంకేతం కనిపించదు, ఐత్వం ఒకటో రెండో తెలియదు. దోషకారణమే చిత్రంలో లేనప్పుడు ఎదుటివారు దానిని పట్టుకోలేరు. రెండవది, దోషసందేశాన్ని అనువదించకుండా యథాతథంగా ఇవ్వడం. మిగిలిన వివరణ తెలుగులో ఉండవచ్చు, ఉండాలి కూడా. దోషసందేశం మాత్రం సంజ్ఞానామం వంటిది. దానిని మార్చితే అదే దోషాన్ని ఎదుర్కొన్న మరొకరికి ఈ చర్చ దొరకదు. మూడవది, బ్రౌజరు పేరుతోపాటు దాని కూర్పుసంఖ్యను తెలపడం.

మూడవ నియమానికి కారణం ఉంది. పాఠాన్ని చదువరి గుర్తించే అక్షరాలుగా విభజించడానికి జావాస్క్రిప్ట్‌లో 'సెగ్మెంటర్' అనే సాధనం ఉంది. అది యూనికోడ్ నియమాలను అనుసరిస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 కూర్పుకు ముందు ఆ నియమాల ప్రకారం 'క్ష్మీ' అనేది క్, ష్, మీ అని మూడు ముక్కలయ్యేది. ఆ కూర్పుతో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరం ఒకే ప్రమాణంగా నిలిచింది. అందువల్ల అదే స్క్రిప్టు 'లక్ష్మీనరసింహం'లో పాత బ్రౌజరులో 8 ప్రమాణాలను, కొత్త బ్రౌజరులో 6 ప్రమాణాలను లెక్కిస్తుంది. కూర్పు చెప్పకపోతే అడిగేవారు, చెప్పేవారు ఇద్దరూ నిజమే చెబుతూ పరస్పరం విభేదిస్తారు.

5. కారణనిర్ధారణ: అన్వయవ్యతిరేకాలు

భారతీయ తర్కశాస్త్రంలో కారణాన్ని నిర్ణయించడానికి అన్వయవ్యతిరేకాలను ఉపయోగిస్తారు. అది ఉన్నచోట ఇది ఉండటం అన్వయం. అది లేనిచోట ఇది లేకపోవడం వ్యతిరేకం. స్క్రిప్టు దోషనిర్ధారణ ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ. ఒక ఊహాత్మక సందర్భాన్ని పరిశీలించవచ్చు.

ఒక కళాశాల ప్రవేశఫారంలో పేరు గడి 'రమ'ను అంగీకరించి 'రామ'ను తిరస్కరిస్తోందని, 'లత'ను అంగీకరించి 'సీత'ను తిరస్కరిస్తోందని ఒక ప్రోగ్రామరు తన మిత్రులకు చెప్పాడనుకుందాం. "దీర్ఘం ఉంటే తీసుకోవడం లేదన్నా" అన్నది అతని అనుమానం. సహాయం చేసే వ్యక్తి వెంటనే పరిష్కారం చెప్పకుండా "ఆశ, కవి అని కూడా టైపు చేసి చూడు తమ్ముడూ" అంటాడు. 'ఆశ'లో దీర్ఘాచ్చు ఉన్నా ఫారం అంగీకరిస్తుంది. 'కవి'లో దీర్ఘం లేకపోయినా తిరస్కరిస్తుంది. దీర్ఘమే కారణమన్న ఊహ అన్వయంలోనూ వ్యతిరేకంలోనూ నిలవలేదు. తరువాత 'గంగ', 'భరత్' ప్రయత్నిస్తే రెండూ తిరస్కృతమవుతాయి.

ఇప్పుడు కారణం స్పష్టమవుతుంది. అంగీకృతమైన రమ, లత, ఆశ అన్న పేర్లలో ఉన్నవన్నీ స్వతంత్రాక్షరాలు. తిరస్కృతమైన ప్రతి పేరులోనూ గుణింతచిహ్నమో సున్నో పొల్లో ఉంది. యూనికోడ్ హల్లులను, అచ్చులను 'అక్షరం' వర్గంలో చేర్చి, గుణింతాన్ని, సున్నను, పొల్లును 'చిహ్నం' వర్గంలో చేర్చింది. ఫారం నియమాన్ని రాసినవారు అక్షరవర్గాన్ని మాత్రమే అనుమతించారు. చిహ్నవర్గాన్ని కూడా చేర్చితే రామ, సీత, గంగ, భరత్ అందరికీ ప్రవేశం దొరుకుతుంది. అయినా 'రాజ్‌కుమార్' మిగిలిపోతాడు. అతని పేరులోని 8204 అక్షరమూ కాదు, చిహ్నమూ కాదు. తెలుగు లిపికి చెందిన సంకేతాలన్నింటినీ అనుమతించే నియమం రాసినా అది అందులోకి రాదు. దానిని విడిగా చేర్చాలి.

భాషాశాస్త్రం ఒక్క ధ్వనిలో మాత్రమే భేదం గల పదాల జంటలతో వర్ణాలను నిర్ధారిస్తుంది. 'రమ–రామ' జంట ఇక్కడ చేసిన పని అదే. తెలుగు వ్యాకరణం చదివినవారికి సహజంగా అబ్బే ఈ పరిశీలన సాంకేతిక సహాయంలో ఎంతో ఉపకరిస్తుంది.

సహాయం చేసేవారి బాధ్యత కూడా ఈ సందర్భంలో గమనార్హం. "నియమాన్ని తీసేయండి" అని ఒక్కమాటలో చెప్పి ఉంటే ఫారం పనిచేసేది. కారణం మాత్రం తెలిసేది కాదు. మరో ఫారంలో అదే తప్పు మళ్లీ వచ్చేది. పరిష్కారాన్ని, కారణాన్ని, దాని పరిమితిని కలిపి చెప్పిన సమాధానమే తరువాతివారికీ ఉపయోగపడుతుంది.

6. జ్ఞాకారం నేర్పిన పాఠం

2018 ఫిబ్రవరిలో యాపిల్ ఐఫోన్లలో ఒక తెలుగు సంకేతక్రమం కనిపించిన వెంటనే అనువర్తనాలు స్తంభించిపోయాయి. జ, పొల్లు, ఞ, 8204 సంకేతం, ఆకార చిహ్నం అన్నవి ఆ క్రమంలోని అంశాలు. అనేక వార్తల్లో ఇది 'తెలుగు అక్షరదోషం'గా ప్రచారమైంది. ప్రోగ్రామర్లు అంశాలను మార్చి మార్చి పరీక్షించి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని క్రమాలతోనూ ఇదే జరుగుతుందని తేల్చారు. లోపం అక్షరంలో లేదు, అక్షరాన్ని తెరపై కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. యాపిల్ అదే నెల 19న విడుదల చేసిన ఐఓఎస్ 11.2.6 కూర్పులో దానిని సరిదిద్దింది.

లక్షణం కనిపించిన చోటునే కారణంగా భావించడం దోషనిర్ధారణలో మొదటి పొరపాటు. ఈ సందర్భంలో ఆ పొరపాటు వల్ల ఒక భాషకే దోషం అంటగట్టినట్లయింది. అన్వయవ్యతిరేక పరీక్ష ఆ నిందను తొలగించింది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. తెలుగు పాఠానికి సంబంధించిన స్క్రిప్టు దోషాలు అక్షరం, సంకేతం, బైటు అనే మూడు లెక్కలను వేరుచేసి చూస్తే సులభంగా తేలుతాయి. ప్రశ్నలో చేసిన పని, ఆశించిన ఫలితం, వచ్చిన ఫలితం, లఘురూపం ఉండాలి. తెలుగు పాఠాన్ని చిత్రంగా కాక పాఠంగా ఇవ్వాలి. సమాధానంలో పరిష్కారంతోపాటు కారణం ఉండాలి. తెలుగు శాఖల విద్యార్థులకు యూనికోడ్ నిర్మాణాన్ని, కంప్యూటర్ విభాగాల విద్యార్థులకు తెలుగు అక్షరనిర్మాణాన్ని పరిచయం చేయగలిగితే ఈ సహకారం మరింత బలపడుతుంది. ఫారం తిరస్కరించిన పేరు సొంతదారు చాలాసార్లు తన పేరునే మార్చి రాసుకొని సర్దుకుపోతాడు. అటువంటి అవసరం అతనికి రాకుండా చూడటమే ఈ కృషికి ప్రయోజనం.