ఇంటిలో నారు పెంపకానికి దీపాల ఎంపిక: ఓరుగల్లు మిరప నారు ఆధారంగా వివరణ

వ్యాససంగ్రహం:
మిరప, టమాట, వంగ వంటి పంటల నారును ఇంటిలో పెంచేవారు దీపాన్ని కంటికి కనిపించే వెలుతురును బట్టి ఎంచుకోవడం పరిపాటి. అయితే కంటి అవసరం వేరు, మొక్క అవసరం వేరు. ఈ భేదాన్ని వివరించడం, దీపాల ఎంపికకు కావలసిన లెక్కను ఓరుగల్లు ప్రాంతపు ప్రధాన పంట అయిన మిరప ఆధారంగా చూపడం, ఆ లెక్క ఎక్కడివరకు ఉపయోగకరమో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మిరప, నారు, నారుమడి, ఎండ, వెలుతురు, ఎల్‌ఈడీ, ఓరుగల్లు.

1. ఉపోద్ఘాతం:
“నారు పోసినవాడు నీరు పోయడా” అనేది తెలుగునాట ప్రసిద్ధమైన సామెత. ఇందులో నారు ఉంది, నీరు ఉంది. వెలుగు ప్రస్తావన లేదు. ఆరుబయటి నారుమడికి ఎండను ఎవరూ సమకూర్చవలసిన అవసరం లేకపోవడమే ఇందుకు కారణమని భావించవచ్చు. నారు ఇంటిలోకి వచ్చినప్పుడు మాత్రం నీటితో పాటు వెలుగునూ మనిషే సమకూర్చాలి.

ఓరుగల్లు ప్రాంతంలో మిరపకున్న ప్రాధాన్యానికి ఏనుమాముల మార్కెట్టే నిదర్శనం. టమాట మిర్చి అని కూడా పిలిచే వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. వానాకాలపు పంటకు జూన్, జులై నెలల్లో నారు పోసి, సుమారు 35 నుంచి 40 రోజుల నారును పొలంలో నాటుతారు. ఆ రోజుల్లో కాండం బలహీనపడితే తరువాత వేసే ఎరువు దానిని పూర్తిగా సరిదిద్దలేదు.

2. ఎండ, వెలుతురు:
తెలుగులో ‘ఎండ’ వేరు, ‘వెలుతురు’ వేరు. ఎండలో కాంతితో పాటు వేడిమి కూడా ఉంది. అది ఒంటికి తగులుతుంది. వెలుతురు కంటికి సంబంధించినది. ‘గదిలో మంచి వెలుతురు ఉంది’ అన్నప్పుడు చదువుకోవడానికి, పని చేసుకోవడానికి చాలినంత ఉందని అర్థం. నారు విషయంలో పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

మధ్యాహ్నపు నిండు ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. దీపం వెలిగించిన గదిలో 200 లక్స్ ఉంటే ఇంటి పనులకు సరిపోతుంది. ఈ రెండింటి మధ్య తేడా 500 రెట్లు. కన్ను తనను తాను సర్దుకోవడం వల్ల మనిషికి ఆ తేడా అంతగా తెలియదు. మొక్కకు అలాంటి సర్దుబాటు లేదు.

దీపాల పెట్టెలపై ముద్రించే లూమెన్ కూడా కంటిని బట్టి ఏర్పడిన కొలతే. పగటి వెలుతురులో కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని అధికంగా గ్రహిస్తుంది. కిరణజన్య సంయోగక్రియకు 400 నుంచి 700 నానోమీటర్ల వరకున్న కాంతి అంతా పనికివస్తుంది. అందువల్ల మొక్కకు అందే కాంతిని ఒక చదరపు మీటరుపై ఒక సెకనులో పడే కాంతికణాల సంఖ్యగా, మైక్రోమోల్‌లలో లెక్కిస్తారు. తెల్లని ఎల్‌ఈడీ కాంతిలో సుమారు 70 లక్స్‌ను ఒక మైక్రోమోల్‌గా తీసుకోవచ్చు. ఆ ప్రకారం 200 లక్స్ గదిలో నారుకు అందేది మూడు మైక్రోమోల్‌లు మాత్రమే. మిరప నారుకు కావలసింది 200కు అటూ ఇటూగా ఉంటుంది.

3. నారు సాగిపోవడానికి కారణం:
కాంతి చాలనప్పుడు మొక్క ఆకును పెంచడం తగ్గించి కాండాన్ని పొడిగిస్తుంది. మట్టి పొర కిందనో, ఇతర మొక్కల నీడలోనో ఉన్న మొలక వెలుగును చేరడానికి చేసే ప్రయత్నమిది. ఎరుపు కాంతికీ, దాని ఆవలి అంచున ఉండే కాంతికీ మధ్య నిష్పత్తిని ఫైటోక్రోమ్ అనే వర్ణకం గుర్తిస్తుంది. ఆకుల నీడలో ఆవలి అంచు కాంతి పాలు పెరగడంతో మొక్క ఎత్తుకు సాగుతుంది. నీలి కాంతి కాండం పొడుగును అదుపులో ఉంచుతుంది. సన్నగా సాగిన నారు నాటే వేళ విరుగుతుంది, గాలికి ఒరుగుతుంది. ఒత్తుగా పోసిన మడిలో తేమ కూడా నిలిస్తే నారుకుళ్ళు తెగులుకు అవకాశం పెరుగుతుంది.

4. దీపాల తారతమ్యం:
పాత ఫిలమెంటు బల్బు విద్యుత్తులో అధికభాగాన్ని వేడిగా మారుస్తుంది. దాని కాంతిలో నీలం తక్కువ. కాబట్టి అది నారుకు తగదు. ట్యూబులైటు పనికివస్తుంది కాని, అదే విద్యుత్తుకు ఎల్‌ఈడీ ఎక్కువ కాంతిని ఇస్తుంది. నీలి ఎల్‌ఈడీ ఆవిష్కరణకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నీలి ఎల్‌ఈడీపై పసుపు కాంతినిచ్చే పూత వేయడం ద్వారానే నేటి తెల్లని దీపాలు ఎక్కువగా తయారవుతున్నాయి. అందుచేత 6500 కెల్విన్ అని ముద్రించిన సాధారణ తెల్లని ఎల్‌ఈడీ ట్యూబులో నారుకు కావలసిన నీలి కాంతి ఉంటుంది. మొక్కల కోసమే అని అమ్మే ఊదారంగు దీపాలూ పని చేస్తాయి; అవే కావాలన్న నియమం లేదు. పైగా వాటి కింద ఆకు అసలు రంగు తెలియక తెగులును ఆలస్యంగా గుర్తించే ప్రమాదం ఉంది.

5. లెక్క:
20 వాట్ల నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబు సుమారు 2,000 లూమెన్ల కాంతినిస్తుందనుకుందాం. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు గల స్థలం 0.37 చదరపు మీటర్లు. అందులో 98 గుంటల ప్రోట్రేలు రెండు, అంటే 196 మొక్కలు పడతాయి. నాలుగు ట్యూబుల 8,000 లూమెన్లలో మూడింట రెండు వంతులు నారుపై పడితే సుమారు 14,400 లక్స్, అనగా దాదాపు 205 మైక్రోమోల్‌లు అందుతాయి. ఒక్క ట్యూబు ఎందుకు చాలదో దీనివల్ల స్పష్టమవుతుంది.

ట్యూబులను నారు కొనలకు జానెడు లోపు ఎత్తులో వేలాడదీసి, నారు పెరిగేకొద్దీ పైకి జరపాలి. రోజుకు 16 గంటలు వెలిగించి, 8 గంటలు చీకటి ఇవ్వాలి. నాలుగు ట్యూబులకు రోజుకు 1.28 యూనిట్లు, 30 రోజులకు 38.4 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. కాండం సాగితే కాంతి చాలలేదని, ఆకులు ముడుచుకొని పాలిపోతే దీపం మరీ దగ్గరైందని మొదట అనుమానించాలి.

6. లెక్క చూపే హద్దు:
మొక్కకూ మొక్కకూ, సాలుకూ సాలుకూ 60 సెంటీమీటర్ల దూరంలో నాటితే ఎకరాకు సుమారు 11,200 మొక్కలు కావాలి. అంత నారును పై పద్ధతిలో పెంచడానికి 57 జతల ప్రోట్రేలు, 228 ట్యూబులు, దాదాపు 2,200 యూనిట్ల విద్యుత్తు అవసరమవుతాయి. ఎండ ఉచితంగా లభించే ఓరుగల్లులో రైతుకు ఇది దండగ. సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న ఈ ప్రాంతంలో జూన్‌లో పగలు 13 గంటలకు పైగా ఉంటుంది. రైతు నారుకు షేడ్‌నెట్ కింద పడే ఎండే తగినది. ముసురు పట్టిన రోజుల్లో నెట్‌ను తొలగించగలిగే ఏర్పాటు దీపం కన్నా మేలు.

7. ముగింపు:
పై వివరణ వల్ల తేలిన అంశాలు ఇవి.
• లూమెన్, లక్స్ కంటికి సంబంధించిన కొలతలు. వాటిని మొక్క అవసరానికి మార్చి చూసిన తరువాతే దీపం కొనాలి.
• దీపం రంగు పేరు కన్నా ఎన్ని ట్యూబులు, ఎంత దగ్గరగా, ఎన్ని గంటలు అన్నవే ముఖ్యం.
• కృత్రిమ కాంతి ఇంటి పెరటికి, మిద్దెతోటకు, పరిశోధనశాలకు తగినది. ఎకరాల సేద్యానికి కాదు.
• దీపం కింద పెరిగిన నారును నేరుగా పొలంలో నాటరాదు. వారం, పది రోజుల పాటు మొదట నీరెండకు, తరువాత ఎండకు అలవాటు చేయాలి. ఎండ, నీరెండ, వెలుతురు అని తెలుగు వేరువేరుగా చెప్పిన మాటలను నారు విషయంలోనూ వేరువేరుగానే గ్రహించాలి.