ఏనుగులు చదవని బోర్డులు
ఉత్తర బెంగాల్ అడవుల్లో రైళ్ల వేగానికి కళ్లెం వేయడం కాగితం మీద తేలికే

2013 నవంబర్ 13. పశ్చిమ బెంగాల్‌లోని చాప్రామారి అడవి. జల్దాకా నది వంతెన దగ్గర పట్టాలు దాటుతున్న ఏనుగుల మందను కవిగురు ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. ఏడు ఏనుగులు చనిపోయాయి, అందులో గున్నలూ ఉన్నాయి. ఇదే లైన్లో బానర్‌హాట్ సమీపాన 2010 సెప్టెంబర్‌లో గూడ్సు రైలు బలిగొన్నవీ ఏడే.

సిలిగురి, అలీపూర్‌దువార్ జంక్షన్ల మధ్య 160 కిలోమీటర్ల పైచిలుకు సాగే ఈ లైను మహానంద, చాప్రామారి, జల్దాపారా, బక్సా అడవుల మీదుగా పోతుంది. మీటర్‌గేజ్ రోజుల్లో రైళ్లు తక్కువ, వేగమూ తక్కువ. 2004 నాటికి బ్రాడ్‌గేజ్ వచ్చాక రెండూ పెరిగాయి. ఏనుగుల చావులు కూడా.

రైల్వేకు తెలిసిన మందు వేగ నియంత్రణ. ఫలానా కిలోమీటరు రాయి నుంచి ఫలానా రాయి దాకా ఇంతకు మించి పోరాదని నిర్ణయిస్తారు. తాత్కాలికమైతే స్టేషన్లో లోకో పైలట్ చేతికి 'కాషన్ ఆర్డర్' కాగితం ఇస్తారు. పట్టాల పక్కన ముందు హెచ్చరిక బోర్డు, తర్వాత వేగం అంకె వేసిన బోర్డు. చివరి పెట్టె కూడా హద్దు దాటాకే మళ్లీ వేగం పెంచాలి. ఈ తతంగానికి కారణముంది. వేగం రెట్టింపయితే బండి ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. రాత్రిపూట, అదీ మలుపులో, హెడ్‌లైటు వెలుగులో ఏనుగు కనిపించాక బ్రేకు వేస్తే సరిపోదు.

చిక్కల్లా రాళ్లతోనే. ఏనుగుల దారి అని అధికారులు గీసిన గీతకు అవి కట్టుబడవు. చేలల్లో వరి పండితే ఒక దారి, నది పొంగితే మరో దారి. పైగా అడవిలో పోయే నిమిషాలను టైంటేబుల్‌లో ముందే కలపకపోతే, ఆ ఆలస్యాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాల్సిన ఒత్తిడి డ్రైవర్ మీదే పడుతుంది. రైల్వే, అటవీ శాఖల వాదులాటలో ఈ సంగతి ఎందుకో వెనకబడిపోతుంది.

ఈశాన్య సరిహద్దు రైల్వే 2017లో తేనెటీగల రొద వినిపించే స్పీకర్లు పెట్టి ఏనుగులను పట్టాల నుంచి దూరంగా తరమాలని చూసింది. 2022లో పట్టాల వెంబడి ఉండే ఆప్టికల్ ఫైబర్‌తో మరో ప్రయోగం మొదలుపెట్టింది. ఏనుగు అడుగుల కంపనాన్ని తీగ పసిగడుతుంది, రైల్వే సిబ్బందికి హెచ్చరిక వెళుతుంది. ఎక్కడ నెమ్మదించాలో ఇక్కడ చెప్పేది కిలోమీటరు రాయి కాదు, ఏనుగే. కానీ ఆ కబురు అందేసరికి రైలు 100 కిలోమీటర్ల వేగంతో దగ్గరికొచ్చేసి ఉంటే తీగ చేయగలిగిందేమీ లేదు. అందుకే తీగ వేసిన చోటా పాత బోర్డు అవసరం తీరలేదు.