ఆపదలను తూచి చూచుట

గ్రామ పంచాయతీ చేతిలో నుండు ధనము స్వల్పము. గ్రామమునకు రాదగిన ఆపదలు అనేకము. వాగు పొంగవచ్చును, చెరువుకట్ట తెగవచ్చును, పూరిండ్లు అంటుకొనవచ్చును, వానలు ముఖము చాటువేయవచ్చును, పొలమునకు పోయిన రైతును పాము కరువవచ్చును. అన్నింటికిని ఒకేసారి రక్షణ కల్పించుట ఏ పంచాయతీకిని సాధ్యము కాదు. కావున దేనిని ముందు పట్టించుకొనవలెనను ప్రశ్న ప్రతి సంవత్సరమును సభ్యుల యెదుటికి వచ్చుచునే యుండును.

సాధారణముగా ఈ ప్రశ్నకు మొన్న జరిగిన ప్రమాదమే సమాధానము చెప్పుచుండును. నిరుడు ఇండ్లు కాలిన యూరిలో ఈ యేడు అందరును అగ్నిని గూర్చియే మాటలాడుదురు. గట్టిగా అడిగినవారి వీధికి పని ముందు జరుగును. ఇది లోకసహజమే గాని సరియైన పద్ధతి కాదు. భయము మంచి కావలివాడే, కాని మంచి లెక్కరి కాదు.

రెండు కొలతలు

ఏ ఆపదనైనను రెండు కొలతలతో కొలువవలెను. అది ఎంత తరచుగా రాగలదు? వచ్చినచో ఎంత నష్టము కలిగించును? ఈ రెండింటిలో ఒకదానినే చూచువారు మోసపోవుదురు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరుగనివారు మన ప్రాంతమున అరుదు. సుమారు పదివేలమంది ఆ తుపానుకు బలియైరి. ఇది అరుదుగా వచ్చి అపార నష్టము కలిగించు ఆపద. పాముకాటు దీనికి భిన్నమైనది. దాని వార్త తరచుగా ఊరి పొలిమేర దాటదు. అయినను 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటా సగటున 58,000 మంది మరణించిరని పరిశోధకులు అంచనా కట్టియున్నారు. వారిలో అత్యధికులు గ్రామవాసులు. మరణములలో సుమారు సగము జూన్ నుండి సెప్టెంబరు వరకు, అనగా పొలముపనులు ముమ్మరముగా సాగు దినములలోనే సంభవించినవి. ఉప్పెన ఒక్కసారిగా ఒక సీమనే తుడిచిపెట్టును. పాము ఒక్కొక్క యింటి దీపమును ఆర్పుచు పోవును. మొదటిదానికి భయపడి రెండవదానిని మరచుట తగదు.

లెక్క వేయు విధము

గ్రామసభలో ఒక నల్లబల్లపై ఆపదలను వరుసగా వ్రాయుడు. ఒక్కొక్కదానికి రాగల అవకాశమును బట్టి 1 నుండి 5 వరకు, కలుగగల నష్టమును బట్టి మరల 1 నుండి 5 వరకు అంకెలు వేయుడు. రెండింటిని హెచ్చవేయుడు. ఒక గ్రామమును ఊహింతము. బడి ప్రక్కనున్న పిట్టగోడ లేని బావికి అవకాశము 3, నష్టము 4, మొత్తము 12. పూరిండ్ల వాడలో అగ్నికి అవకాశము 3, నష్టము 3, మొత్తము 9. చెరువుకట్ట తెగుటకు అవకాశము 1, నష్టము 5, మొత్తము 5. ఈ లెక్కనుబట్టి స్వల్పవ్యయముతో కట్టదగిన పిట్టగోడ ముందుకు వచ్చును.

ఈ అంకెలు సర్పంచిగారో కార్యదర్శిగారో ఒక్కరే కూర్చుండి వేయదగినవి కావు. ఏ వరదకు నీరు ఎంతవరకు వచ్చినదో వృద్ధులకు తెలియును. వాగు ఎచ్చట లోతో పశువుల కాపరులకు తెలియును. చీకటివేళ ఏ దారి భయమో స్త్రీలకు తెలియును. వారిని అడుగక వేసిన అంకె వట్టి అంకెయే.

ఈ హెచ్చవేతలో ఒక లోపము కూడ కలదు. పై లెక్కలో చెరువుకట్టకు అన్నిటికంటె తక్కువ వచ్చినది. కాని కట్ట తెగినచో దిగువనున్న వాడ తిరిగి లేవకపోవచ్చును. 2021 నవంబరు 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేరుపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు తెగి, దిగువ గ్రామములలో ప్రాణనష్టము సంభవించినది. కావున నష్టమునకు 5 అంకె పడిన ఆపదలను, మొత్తము ఎంత తక్కువైనను, వేరొక పట్టికలో వ్రాసికొని, వానలకు ముందు తప్పక పరీక్షింపవలెను. కోలుకొనగల నష్టము వేరు, కోలుకొనలేని నష్టము వేరు.

నాలుగు మార్గములు

ఆపదను తూచిన పిమ్మట చేయదగిన పనులు నాలుగు.

మొదటిది తప్పించుకొనుట. వాగు గర్భమునను, చెరువు శిఖమునను ఇండ్లస్థలములు ఈయకుండుట దీనికి ఉదాహరణము.

రెండవది తగ్గించుట. 1990 మే నెలలో ఇంచుమించు 1977 నాటి తీవ్రత గల తుపానే కృష్ణానది ముఖద్వారమునకు సమీపమున తీరము దాటినది. అప్పటికి హెచ్చరికలు మెరుగుపడియుండెను. ఆశ్రయ భవనములు వెలసియుండెను. లక్షలాది జనులను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వేయిలోపుననే నిలిచెను. గాలిని ఎవరును ఆపలేదు. జనులను దాని దారినుండి తొలగించిరి. పాముకాటు విషయమునను ఇంతియే. రాత్రివేళ దీపము, కాలికి చెప్పులు, పడకకు దోమతెర ఎన్నో కాట్లను నివారించును. కాటు పడినచోట కోయుట, గట్టిగా కట్టుట, మంత్రములతో కాలము గడపుట ప్రాణాంతకములు. విరుగుడు సూదిమందు సమీపమున ఏ ఆసుపత్రిలో నున్నదో, అచ్చటికి రాత్రివేళ వాహనము ఎట్లు లభించునో పంచాయతీ ముందే విచారించి అందరికిని తెలుపవలెను.

మూడవది పంచుట. అనంతపురము జిల్లాలో వర్షము స్వల్పము. అచ్చటి రైతులు వేరుశనగ సాళ్ల నడుమ కంది వేయుదురు. ముందు వానలు తప్పి వేరుశనగ దెబ్బతిన్నను, లోతుగా వేరూని ఎక్కువకాలము నిలుచు కంది వెనుక వానలను అందుకొనును. పంటల బీమా కూడ ఇట్టిదే. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున ఆహారధాన్యములకు, నూనెగింజలకు రైతు చెల్లింపు బీమా మొత్తములో ఖరీఫునకు 2 శాతము, రబీకి 1.5 శాతము మించదు. అమలునందున్న చోట గడువు దాటకముందే రైతులకు చాటింపు వేయించుట సభ్యుల విధి.

నాలుగవది భరించుట. కొన్ని చిన్న నష్టములను నివారించుటకగు వ్యయము ఆ నష్టముకంటె ఎక్కువగా నుండును. వాటికై కొంత సొమ్ము నిలువయుంచుకొనుటయే వివేకము.

మరువరానిది

ఒకసారి చేసిన ఏర్పాటు ఎల్లకాలము నిలువదు. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో తెలియని తుపాను ఆశ్రయ భవనము ఉన్నను లేనట్లే. రక్షణ కలదను ధైర్యముతో జనులు మరింత అజాగ్రత్తగా నుండుటయు కలదు. అందుచే ఈ పట్టికను ఏటేట గ్రామసభలో తిరిగి చదివి, అంకెలు సవరించి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చవలెను.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటను మన పెద్దలు పరిహసించిరి. అయితే ఏ బావిని ముందు త్రవ్వవలెనో నిర్ణయించుట కూడ తెలివితో చేయవలసిన పని. రాబోవు గ్రామసభలో ఒక గంట కాలము దీనికై వినియోగింపుడు. ఆ గంటకు మూల్యము ఒక ప్రాణము కావచ్చును.