ఇనుప ర్యాకుకి రంగుల సింగారం

అమ్మమ్మల కాలంలో గూట్లో సామాన్లు సర్దాలంటే ముందు పాత న్యూస్‌పేపరు పరవాల్సిందే. ఊరికే పరిస్తే సరిపోదు. ముందుకి వేలాడే అంచుని మడతలు పెట్టి, కత్తెరతో చంద్రవంకల్లాగానో, కోటకొమ్మల్లాగానో కత్తిరించేవారు. దానిమీద తోమిన ఇత్తడి డబ్బాలు ఎత్తు వరసలో పేర్చారంటే ఆ గూటి ముందు ఏ షోకేసైనా దిగదుడుపే! పండక్కో, నెలకో పేపరు మారేది. దాంతోపాటు గూడూ కొత్తదైపోయేది.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ గూటి పని ఇనుప ర్యాకు చేస్తోంది. నాలుగు యాంగిళ్లు, ఐదు రేకు అరలు, గుప్పెడు నట్లూ బోల్టులూ. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ చుట్టుపక్కల రెండు గదుల పోర్షన్లలో అద్దెకుండేవాళ్లకి ఇదే పెద్ద దిక్కు. ఇల్లు మారినప్పుడు విప్పి ఆటోట్రాలీలో వేసుకుపోవచ్చు. వంటింట్లో పప్పు డబ్బాలు, ముందు గదిలో పిల్లల పుస్తకాలు, బాల్కనీలో చెప్పులు... ఏవైనా కిమ్మనకుండా మోస్తుంది. మోసే పనిలో వంక పెట్టడానికి లేదు గానీ, చూస్తే మాత్రం కిరాణా కొట్టు గోడౌనే గుర్తొస్తుంది. చుట్టాలొస్తున్నారంటే దానిమీద ఓ పాత చీర కప్పేయడం మనకి అలవాటైపోయింది.

చీర కప్పే బదులు రంగేసేస్తే పోలా! బ్రష్షు పట్టుకోవడం రాదంటారా? హార్డ్‌వేర్ షాపుల్లో స్ప్రే పెయింట్ డబ్బాలు దొరుకుతున్నాయి. మీట నొక్కితే చాలు, రంగు తుంపరగా వచ్చి పడుతుంది. నిజమే. కానీ నొక్కడమన్నది ఈ పనిలో ఆఖరి పావు వంతు. మిగతా ముప్పావు వంతూ దానికి ముందే ఉంది. అది ఎగ్గొట్టారో, కొన్నాళ్లకే రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. పసిపిల్లలున్న ఇంట్లో, కడుపుతో ఉన్నవాళ్లున్న ఇంట్లో ఈ పని ఎలాపడితే అలా చేయకూడదు.

ఆలోచన ఇల్లాలిదే

స్ప్రే పెయింట్ పుట్టుక వెనకాల ఓ ఇల్లాలు ఉందంటే నమ్ముతారా? అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సైకమోర్ అనే ఊరుంది. అక్కడ ఎడ్ సీమోర్ అనే ఆయన రంగుల వ్యాపారం చేసేవాడు. చలిదేశాల్లో ఇళ్లని వెచ్చబరిచే రేడియేటర్ల మీద వేసే అల్యూమినియం రంగుని కొనేవాళ్లకి ఎలా చూపించాలా అని సతమతమవుతుంటే, ఆయన భార్య బోనీ ఓ సలహా ఇచ్చింది. వేరే సరుకుల్ని డబ్బాలో కుక్కి చిమ్ముతున్నారు కదా, రంగుని కూడా అలాగే చేయొచ్చుగా అని. అలా 1949లో మొట్టమొదటి స్ప్రే పెయింట్ డబ్బా తయారైంది. పేరు మాత్రం ఎక్కువగా ఆయనదే వినిపిస్తుందనుకోండి!

డబ్బాలోంచి రంగుని బయటికి తోసేది గ్యాసు. ఒకప్పుడు దీనికి సీఎఫ్‌సీలని వాడేవారు. అవి ఓజోన్ పొరని తినేస్తున్నాయని తేలి, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాక వాటికి క్రమంగా స్వస్తి చెప్పారు. ఇప్పుడు ఎక్కువ డబ్బాల్లో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. అంటే మన వంటగ్యాసు సిలిండర్లో ఉండేవే! రంగుని పల్చబరిచే ద్రావకాలూ అగ్గిని ఇట్టే అందుకునేవే. కాబట్టి వంటింట్లో స్టవ్వు వెలుగుతుండగానో, దేవుడి మందిరంలో దీపం ఉండగానో స్ప్రే కొట్టడమంటే గ్యాసు లీకవుతుంటే అగ్గిపుల్ల గీసినట్టే. స్విచ్చి వేసినా, ఫ్రిజ్ దానంతటది ఆన్ అయినా చిన్న నిప్పురవ్వ పుట్టొచ్చు. ఇంట్లో వద్దు. తలుపులేసిన బాల్కనీలోనూ వద్దు. డాబా మీదికో, పెరట్లోకో ర్యాకుని మోసుకెళ్లాల్సిందే. బోల్టులు విప్పితే అదేమంత బరువూ కాదు.

ఆటోనగర్‌లో చూడండి

హయత్‌నగర్ దారిలో ఉన్నవాళ్లకి ఈ విద్య నేర్పే గురువులు దగ్గర్లోనే ఉన్నారు. విజయవాడ రోడ్డు మీద ఆటోనగర్ వైపు వెళ్తే లారీలకి రంగులేసే షెడ్లు కనిపిస్తాయి. ఎప్పుడైనా ఓ పది నిమిషాలు గమనించండి. గన్ను పట్టుకుని రంగు కొట్టే సమయం కొంచెమే. రుద్దడం, కడగడం, ఆరబెట్టడం, మళ్లీ రుద్దడం... దీంతోనే పొద్దు గడుస్తుంది. మన ర్యాకుకీ అంతే.

ముందు జిడ్డు సంగతి. వంటింటి ర్యాకు మీద తాలింపు పొగ పేరుకుని జిగురులా పట్టుకుని ఉంటుంది. దానిమీద రంగు ససేమిరా నిలవదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడో, వాషింగ్ సోడానో కలిపి రెండుసార్లు కడిగి, మంచినీళ్లతో తుడిచి, ఎండలో పెట్టండి. ర్యాకు కాళ్ల దగ్గర తుప్పుంటుంది చూడండి, ఇల్లు కడిగినప్పుడల్లా నీళ్లు తగిలేది అక్కడే. దాన్ని తీగ బ్రష్షుతో గీకేయాలి. తర్వాత రంగుల షాపులో ‘వాటర్ పేపర్’ అని అడిగితే ఇస్తారు. ఇది తడిస్తే చిరగని గరుకు కాగితం. దీన్ని నీళ్లలో ముంచుతూ ర్యాకంతా పైపైన రుద్దండి. మెరుపు పోయి మసకబారితే చాలు. ఇనుము బయటపడేదాకా అరగదీయక్కర్లేదు.

తడి ఆరగానే తుప్పు పోయినచోట రెడాక్సైడ్ ప్రైమర్ పట్టించాలి. ఆలస్యం చేస్తే మర్నాటికే మళ్లీ తుప్పు మొలుస్తుంది. ప్రైమర్ లేకుండా నేరుగా రంగు కొట్టడం, మొహం కడుక్కోకుండా పౌడరు రాసుకోవడం రెండూ ఒకటే! ర్యాకు మొత్తానికి స్ప్రే వాడదలిస్తే ప్రైమర్ కూడా అదే కంపెనీ డబ్బా తీసుకోవడం మంచిది. పాత ఎనామిల్ రంగు మీద కొన్నిరకాల స్ప్రేలు పడితే అడుగు రంగు ఉడికిన పాలమీగడలా ముడతలు పడి లేస్తుంది. అందుకని ర్యాకు వెనకాల ఓ మూల ముందు కొట్టి, గంటాగి చూడండి. అక్కడ బాగుంటేనే ముందుకి రండి.

పాత రంగుతో పారాహుషార్

ఇక అసలు సంగతికొద్దాం. నీళ్లలో ముంచి రుద్దమన్నది పని నున్నగా రావడానికి మాత్రమే కాదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ముఖ్యంగా మెరిసే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో తొంభై పాళ్లు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2016 నవంబరులో నిబంధనలు తెచ్చింది. అంతకుమించి ఉన్న రంగుల తయారీ 2017 నవంబరు నుంచి చెల్లదు. ఆ నిబంధన రాకముందు రంగేసిన ర్యాకు, బీరువా, ఇనుప మంచం, ఉయ్యాల ఏదైనా సరే, అనుమానంతోనే చూడాలి.

పొడిగా రుద్దితే ఆ రంగు పిండిలా లేచి నేలమీద, పరుపులమీద పడుతుంది. పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. చదువులో వెనకబడటం, కుదురు లేకపోవడం లాంటివి ఎప్పటికో గానీ బయటపడవు, అప్పటికి కారణం ఎవరికీ తట్టదు. ఇంత వరకైతే ఫర్వాలేదు అని చెప్పగల మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. గర్భిణుల ఒంట్లోకి చేరితే కడుపులో బిడ్డకీ వెళ్తుంది. అందుకని ఈ రుద్దే పని ఇంటి బయట, తడిగా, పిల్లలు బడికెళ్లినప్పుడు పెట్టుకోండి. కింద ప్లాస్టిక్ పట్టా పరవండి. తుడిచిన గుడ్డ, ఆ కాగితం ఒక కవర్లో కట్టి పారేయండి. పని కాగానే తలస్నానం చేసి, కట్టుకున్న బట్టలు విడిగా ఉతకండి. పాత రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతున్న ర్యాకైతే మాత్రం మోజు పడకుండా వదిలించుకోవడమే మేలు.

ఇంకో చిక్కుంది. ఈ 90 పీపీఎం నిబంధన ఇంటి రంగులకే. బళ్లకీ, యంత్రాలకీ వేసే పారిశ్రామిక రంగులకి వర్తించదు. ఇంత శ్రమెందుకు, ర్యాకుని ఆటోనగర్‌లో ఇచ్చి గన్నుతో కొట్టించేద్దాం అనుకునేవాళ్లుంటారు. ఫినిషింగు అద్దంలా వస్తుంది, కాదనం. కానీ పుస్తకాలో, పిల్లల బట్టలో పెట్టే ర్యాకైతే ఇంటి రంగే కొని పట్టుకెళ్లి, అదే వేయమనండి. డబ్బా మీద సీసం కలపలేదని రాసి ఉందో లేదో చూసుకోండి.

జానెడు దూరం, పల్చటి పొర

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలం తేమకి రంగుమీద తెల్లటి మసక కమ్ముతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి పొడిపొడిగా పడుతుంది. దసరా వెళ్లినప్పటి నుంచి శివరాత్రి దాకా, గాలి లేని ఉదయం పూట మేలు. ఫ్రిజ్జో, కూలరో వచ్చిన పెద్ద అట్టపెట్టె ఉంటే దాన్ని పక్కకి పడుకోబెట్టి, అరల్ని అందులో పెట్టి కొట్టండి. తుంపర ఎగిరిపోదు. లేదంటే పక్కింటివాళ్లు డాబామీద పోసుకున్న వడియాలకీ రంగు తగిలి, ఆపైన మాటా మాటా రావడం ఖాయం!

డబ్బాని బాగా ఊపండి. లోపల గోలీ చప్పుడు వినపడ్డాక కూడా ఇంకో నిమిషం ఊపాలి. జానెడు కంటే కాస్త ఎక్కువ దూరంలో పట్టుకుని, అంచుకి అవతల మొదలుపెట్టి, చెయ్యి ఆపకుండా ఇవతలి అంచు దాటేదాకా లాగాలి. ఒకేచోట చెయ్యి ఆగిందో, రంగు కన్నీళ్లలా కారుతుంది. మొదటి పొర వేశాక అడుగు కనిపిస్తుందని కంగారుపడకండి, కనిపించాలి కూడా. పది, పదిహేను నిమిషాలాగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. చున్నీ ముక్కుకి చుట్టుకుంటే వాసన ఆగదు. కోవిడ్ రోజుల్లో కొన్న ఎన్-95 మాస్కు తుంపరని ఆపుతుంది గానీ ద్రావకాల ఆవిరిని ఆపలేదు. అందుకే ఆరుబయట చేయమనేది. ఉబ్బసం ఉన్నవాళ్లూ, గర్భిణులూ ఈ పని వేరేవాళ్లకి అప్పగించి దూరంగా ఉండాలి.

ఖర్చు మాటేమిటంటారా? మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న అరలు ఐదుంటే, పైనా కిందా కలిపి ముప్ఫై చదరపు అడుగులు. రెండు మూడు పొరలు వేయాలంటే ఒక డబ్బా పదీ పన్నెండు అడుగులకి మించి రావడం కష్టం. అంటే రంగుకే మూడు డబ్బాలు, ప్రైమర్ అదనం. వెడల్పాటి రేకు అరలకి బ్రష్షుతో ఎనామిల్ వేసుకోవడమే చవక. స్ప్రే సొగసంతా బ్రష్షు దూరనిచోట ఉంది. తీగలతో అల్లిన గిన్నెల స్టాండు, చిల్లుల అరలు, కేన్ బుట్టలు, ఆపైన డిజైన్లు. ప్లాస్టిక్ ర్యాకుల జోలికి మాత్రం పోకండి. వాటికని ప్రత్యేకంగా ప్రైమర్ ఉంటే తప్ప గోటితో గీకితే ఊడొస్తుంది.

ముగ్గే అచ్చు

డిజైన్లకి స్టెన్సిళ్లు కొననక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్‌ల మీద సంక్రాంతికి చిల్లులున్న ముగ్గు పళ్లేలు అమ్ముతారు కదా, అవే అచ్చులు! అర పక్కభాగం మీద పళ్లేన్ని ఆనించి, చుట్టూ న్యూస్‌పేపరు అంటించి, రెండు సెకన్లు పల్చగా కొట్టి తీస్తే ముగ్గు దిగుతుంది. కింది రంగు ఎనామిల్ అయితే కనీసం వారం ఆరనిచ్చి, వెనకాల పరీక్షించాకే ఈ పని. చిరిగిన లేసు కర్టెను ముక్కని బిగుతుగా లాగి కట్టి కొడితే జాలీ అల్లిక మొత్తం అచ్చుపడుతుంది. ముదురు నీలం మీద తెల్ల లేసు ఎంత బాగుంటుందో! అమ్మమ్మ కత్తిరించిన న్యూస్‌పేపరు అంచుందే, దాన్నే ర్యాకు ముందు పట్టీ మీద అంటించి కొడితే ఆ చంద్రవంకలు ఇక చిరిగిపోవు.

హయత్‌నగర్ వాళ్లకైతే ఊళ్లోనే ఓ నమూనా ఉంది. ఈ ఊరి పేరు గోల్కొండ రాకుమారి హయత్ బక్షీ బేగం పేరు మీద వచ్చిందే. ఆవిడ పేరిట ఉన్న మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదుల వరస, వాటి కమానులు చూడండి. అట్టముక్కని ఆ కమాను ఆకారంలో కత్తిరించి, ర్యాకు వెనకాల కట్టే అట్టమీద వరసగా దించితే మామూలు పుస్తకాల ర్యాకుకి నవాబీ కళ వచ్చేస్తుంది. రంగులు మాత్రం రెండుకి మించకండి. సామాన్ల రంగులు ఎలాగూ బోలెడుంటాయి. గాలీ వెలుతురూ తక్కువున్న గదిలో వెనక అట్టకి లేత పసుపు వేస్తే అర లోపలిదాకా కనిపిస్తుంది.

గోడలో కట్టేసిన కడప బండల అరలకి ఈ హంగులొద్దు. నున్నటి రాయిమీద రంగు పట్టదు, పైగా అద్దిల్లయితే ఓనరుగారితో పేచీ. పొయ్యికి దగ్గరగా ఉన్న అరలకీ, కాలే గిన్నెలు దించే చోట్లకీ రంగు పనికిరాదు. పచ్చళ్లూ, పిండీ మూతలేకుండా పెట్టే అలవాటుంటే అరమీద ఓ స్టీలు పళ్లెం వేసుకోండి.

ముట్టుకుంటే ఆరినట్టే అనిపిస్తుంది గానీ, రెండు రోజుల దాకా బరువులు పెట్టకండి. బియ్యం డబ్బా అడుగు రంగుకి అంటుకుపోయి, తీసేటప్పుడు పెచ్చుతో సహా లేస్తుంది. ఈలోగా కాళ్లకి రబ్బరు బుష్షులు తొడిగేస్తే నేల తడి ఇనుముకి తగలదు. పని అయ్యాక డబ్బాని తలకిందులు చేసి, గాలి మాత్రమే వచ్చేదాకా ఓసారి నొక్కితే ముక్కు పూడుకుపోదు, ఇంకోసారి పనికొస్తుంది. ఖాళీ అయిన డబ్బాకి మేకుతో చిల్లు కొట్టడం, చెత్తమంటలో వేయడం లాంటివి చేయకండి, పేలుతుంది. తడిచెత్తలో, పొడిచెత్తలో కలపకుండా చెత్త ఆటో అతనికి ఇదేమిటో చెప్పి విడిగా చేతికివ్వండి.